మేడమీది కోర్టు

అది కాదు విల్ఫ్రెడ్, తలుపెందుకు మూశావు? నేనేం పారిపోతానా ఈ వయసులో? తుంటి ఎముక మార్చి ఏడాది కాలేదు, మెట్లు దిగడానికే పావుగంట పడుతుంది నాకు. తియ్యి నాయనా, కాస్త గాలన్నా రానీ. వద్దా? జడ్జీగారి హుకుమా? సరే, కానియ్.

మిగతా పదకొండు మందినీ ఆ జూరీ గదిలో ఉంచి, నన్నొక్కదాన్నీ తెచ్చి ఇక్కడ కూచోబెట్టడమేమిటి, అంటుజబ్బు మనిషిని కూచోబెట్టినట్టు! ఇది చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గది. వాసన చూడు. ఇక్కడ కూచుంటే మంచివాళ్ళకైనా నేరస్థుల మొహం వచ్చేస్తుంది.

నువ్వు మాట్లాడవు. తెలుసులే. జూరీకి కాపలావాడిగా మొదటిరోజే బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశావుగా, జూరీ వాళ్ళతో కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడనని. మాట్లాడకు, ఎవరు మాట్లాడమన్నారు? ఇరవై ఏళ్ళు స్కూలు బస్సు నడిపావు, వెనకాల పిల్లలు ఎంత గోల చేసినా తల తిప్పేవాడివి కాదు. ఇప్పుడూ అలాగే కూచో. నేనే వాగుతాను. వాగకపోతే నా గుండె ఆగిపోయేట్టుంది.

నీళ్ళున్నాయా? కాస్త గ్లాసులో పొయ్యి. ఆ, చాలు.

ఇదే కింది కోర్టయితే నాకింత భయం ఉండేది కాదు. కింది కోర్టుకి నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఒకసారి మా ఆయన బతికుండగా, లైసెన్సు లేకుండా దుప్పిని కొట్టాడని. ఇంకోసారి నేనే, బండి స్పీడుగా నడిపానని. ఆ జడ్జి మన ఊళ్ళోనే ఉంటాడు, కిరాణా కొట్లో వరసలో నిలబడతాడు. తిట్టాడు, జరిమానా రాశాడు, మర్నాడు కనబడి చేపలు పడుతున్నాయా అనడిగాడు.

మేడమీది కోర్టు అలాంటిది కాదు గదా. ఇక్కడి జడ్జీగారు, ఈవిడ, విమానంలో వస్తుంది. ఆ నల్ల గౌనూ, అడ్డంగా ఆ ఎర్ర పట్టీ! మూడు వారాలు ఇక్కడ, తరవాత ఇంకో ఊరు, ఆ తరవాత ఇంకోటి. హత్య కేసంటే ఈవిడే చూడాలి. బెయిలు కూడా కింది జడ్జి ఇవ్వడానికి లేదట, పై కోర్టే ఇవ్వాలట. ఇవ్వలేదుగా. ఇరవై మూడు నెలలైంది మన ముద్దాయి, ఆ డారిల్ కుర్రాడు, జైల్లో పడి.

ఈవిడని ఒట్టావాలో కేంద్రం వాళ్ళు వేశారు, మన ప్రావిన్సు వాళ్ళు పీకలేరు. కోర్టు మర్యాద తప్పితే శిక్షించడానికి ఈ కోర్టుకి ఏ చట్టంలోనూ రాసి ఉండక్కర్లేదట, ఆ అధికారం పుట్టుకతోనే ఉందట. ఆ మాట డిఫెన్సు లాయరే అన్నాడు, వరండాలో, నేను విన్నాను. పోయిన మంగళవారం చూశావుగా? వెనక బెంచీలో ఎవడో ఫోనెత్తి ఫోటో తీశాడు. గొంతు కూడా పెంచలేదు ఆవిడ. "అతన్ని కిందికి తీసుకెళ్ళండి" అంది, అంతే. సాయంత్రం నాలుగింటి దాకా కింద లాకప్పులో కూచున్నాడు, ఆరడుగుల మనిషి, పిల్లాడిలా ఏడ్చుకుంటూ. ఒక్క ఫోటోకి అంత అయితే నాకెంత?

నేను చేసింది నీకు తెలుసు. తెలీదా? మా జూరీకి పెద్ద, ఆ ఫోర్మన్, చీటీ రాసి నీ చేతికేగా ఇచ్చాడు జడ్జీగారికిమ్మని. మడత విప్పి చూళ్ళేదా? నువ్వు చూడవు. నీ సంగతి నాకు తెలీదూ.

మంచుకి బెజ్జం వేశాను, విల్ఫ్రెడ్. అదీ నేను చేసిన ఘనకార్యం.

విచారణ మధ్యలో ఆదివారం వచ్చిందిగా, మమ్మల్నింకా మోటల్లో పెట్టి తాళాలెయ్యక ముందు. పొద్దున్నే మంచుకి బెజ్జం వేసే చేతి బర్మా తీసుకుని, నది వచ్చి సరస్సులో కలిసే చోటికి నడుచుకుంటూ వెళ్ళాను. డారిల్ చంపాడంటున్న ఆ రోలాండ్ మునిగిపోయిన చోటికి. ఈ తుంటితో! జడ్జీగారు రోజూ చెబుతూనే ఉంది, కోర్టులో విన్నది తప్ప ఇంకేదీ మీ బుర్రల్లోకి రానివ్వకండి, మీరు వెళ్ళి చూడకండి, వెతక్కండి అని. రోజూ తలాడించాను. ఆదివారం బర్మా పట్టుకుని బయల్దేరాను.

ఇది మనవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరులే. సిటీలో వాళ్ళైతే ఇంటర్నెట్‌లో చూసేవాళ్ళు. మనకి మంచు ఎంత మందం ఉందో ఎవరు చెప్పినా నమ్మకం కుదరదు, బెజ్జం వేసి వేలు పెట్టి చూడాల్సిందే. కోర్టులో సాక్ష్యానికొచ్చిన ఆ ఇద్దరు మంచు పండితులూ తెల్ల పటాలు పెట్టి, ఒకడు మూడంగుళాలంటాడు, ఇంకోడు తొమ్మిదంటాడు! ఇద్దరిలో ఒక్కడి బూట్లకైనా సరస్సు మంచు అంటిందా? నాకు ఒళ్ళు మండిపోయింది.

అదీ నేను జూరీ గదిలో చెప్పిన కారణం. ఒళ్ళు మండి వెళ్ళానని.

నిన్న మధ్యాహ్నం మాట మీద మాట వచ్చి నోరు జారాను. "అక్కడ నాలుగంగుళాలే, నేను చూసొచ్చాను" అనేశాను. మా ఫోర్మన్ పెన్ను తీశాడు. అంతకు మించి చెప్పను. లోపల ఎవరు ఏమన్నారో బయట చెప్తే అదో నేరమట, దానికీ జైలేనట. ఉన్న నేరం చాలు నాకు.

ఏం చేస్తారు నన్ను? నువ్వు చాలా కేసులు చూశావు. జైలా? అరవై తొమ్మిదేళ్ళు నాకు. మా పిల్లికి తిండి ఎవరు పెడతారు? నవ్వకు. నవ్వలేదా? నవ్వినా ఏమనుకోను.

లేకపోతే నన్నొక్కదాన్నీ పంపించేస్తుందేమో. పన్నెండు మందిలో ఒకరికి జబ్బు చేసినా, తప్పు చేసినా తీసెయ్యొచ్చు, పది మంది దాకా తగ్గినా తీర్పు చెల్లుతుందని మొదటిరోజే చెప్పింది. "వెళ్ళండి మిసెస్ కంగాస్, ఇక మీ అవసరం లేదు" అంటుంది. కోటు తొడుక్కుని ఇంటికెళ్తాను. మిగిలిన పదకొండు మందీ తేలుస్తారు డారిల్ సంగతి.

డారిల్... వాడికి ఇరవై ఆరేళ్ళు. రోజూ అదే బూడిదరంగు చొక్కా వేసుకొస్తాడు, కాలరు అంచు చిరిగింది. వాళ్ళమ్మ నోరీన్ వెనక కూచుని దాన్నే చూస్తుంటుంది. మొగుడేమో మునిగి పోయాడు, కొడుకేమో వాణ్ణి ముంచాడని బోనులో ఉన్నాడు. ఆవిడ ఎవరి కోసం ఏడవాలి చెప్పు?

రోలాండ్ మంచివాడని ఎవరూ అనరు. నోరీన్‌ని కొట్టేవాడు. సవతి కొడుకని డారిల్‌నీ కొట్టేవాడు. ఆ కుర్రాడు తాగి బార్లో అన్నాడు, "ఏదో ఒకరోజు ఆ సరస్సే వీణ్ణి మింగుతుంది" అని. పదిమంది విన్నారు. ఆ ఏడు సరస్సు గడ్డకట్టాక దాని మీద బళ్ళ దారికి గుర్తులు పెట్టే పని డారిల్‌దే. పండగ అయ్యాక ఊరంతా క్రిస్మస్ చెట్లు తెచ్చి ఒడ్డున పడేస్తుందా, వాటిని తీసుకెళ్ళి మంచులో వరసగా పాతాలి. పొగమంచైనా, గాలిదుమారమైనా చెట్టు నించి చెట్టుకి చూసుకుంటూ బండి నడుపుకోవాలి. నది దగ్గర దారి వంపు తిరుగుతుంది, కింద నీళ్ళు పారుతుంటాయి గనక అక్కడ మంచు పల్చన. ఆ వంపు దగ్గర రెండు చెట్లు లేవు. రోలాండ్ ఆ గాలిదుమారంలో మంచుబండి మీద తిన్నగా ఆ పల్చటి మంచు మీదికి వెళ్ళిపోయాడు. చెట్లు పాతినవాడే పీకేశాడని గవర్నమెంటు లాయరు అంటాడు. నేను పాతాను, ఎవరు పీకారో తెలీదని డారిల్ అంటాడు. ఎవడు నమ్ముతాడు? హత్యని తేలితే యావజ్జీవమే, జడ్జీగారు కూడా తగ్గించడానికి లేదు.

అవేనా అడుగులు? ఎవరో వస్తున్నట్టుంది. కాదా? రేడియేటరా! అబ్బ, నా ప్రాణం పోయింది.

విల్ఫ్రెడ్, ఇలా చూడు. నేను ఒళ్ళు మండి వెళ్ళలేదు అక్కడికి.

తొమ్మిదంగుళాలు ఉంటుందని వెళ్ళాను. తొమ్మిది ఉండాలి దేవుడా, పోనీ ఎనిమిది, అని గొణుక్కుంటూ తిప్పాను బర్మా. వాడు మునిగింది కూడా ఫిబ్రవరిలోనే, చలి కూడా ఇంతే. మంచు మందంగా ఉంటే చెట్లు ఉన్నా లేకపోయినా ఒకటే గదా? వాడే తాగి ఎక్కడో నీళ్ళలోకి తోలుకుపోయాడని అనుకోవచ్చు గదా? నాలుగంగుళాలు దిగిందో లేదో నీళ్ళు పైకి తన్నుకొచ్చాయి. నా బూట్లు తడిసిపోయాయి. అక్కడే చతికిలబడి ఏడ్చాను.

ఆ రెండు చెట్లూ నేను పీకాను.

లేవకు! కూచో. కూచో నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను. పూర్తిగా చెప్పనీ.

మంచు మీద చేపలు పట్టుకునే నా గుడిసె ఆ వంపుకి దగ్గరే. ఆ రోజు గుడిసె అడుగునించి గాలి కొడుతోంది, పాదాలు కొయ్యబారిపోయాయి. కొమ్మలు పరుచుకుంటే వెచ్చగా ఉంటుంది, అందరం చేస్తాం గదా. అడవి దాకా ఎవరు నడుస్తారు? ఎదురుగా చెట్లున్నాయి. ఎన్నో ఉన్నాయి, రెండు తీస్తే ఏం పోతుంది అనుకున్నాను. అది వంపు అని తెలీదా నాకు? తెలుసు. నలభై ఏళ్ళుగా ఆ సరస్సు మీద ఉన్నాను, తెలీదంటే నాలిక తెగిపడాలి. పొద్దున్నే తిరిగి పాతేద్దామనుకున్నాను. సాయంత్రం గాలిదుమారం మొదలైంది. రెండు రోజులు ఇంట్లోంచి కాలు బయట పెట్టలేకపోయాను. ఎవరికైనా ఫోను చేసి చెప్పొచ్చు. చెయ్యలేదు. తిడతారని. అంతే, తిడతారని!

మూడో రోజు రోలాండ్ కబురు తెలిసింది. ఆ కొమ్మలన్నీ తెచ్చి ఆవిరి స్నానం చేసే సౌనా గది పొయ్యిలో పెట్టి తగలబెట్టాను. పోలీసులు ఊరందరినీ అడిగినట్టే నన్నూ అడిగారు, చెట్ల దగ్గర ఎవరైనా కనబడ్డారా అని. ఎవరూ కనబడలేదన్నాను. నన్ను నేను ఎలా చూస్తాను మరి?

తరవాత జూరీకి రమ్మని కాగితం వచ్చింది. కర్లింగ్ ఆట క్లబ్బు హాల్లో రెండొందల మందిని నిలబెట్టి డబ్బాలోంచి నంబర్లు తీశారు, నా నంబరు వచ్చింది. ఈ కేసు గురించి మీకేమైనా తెలుసా, నిష్పక్షపాతంగా ఉండగలరా అనడిగింది జడ్జీగారు. ఉండగలనన్నాను. ఎందుకన్నానో తెలుసా? లోపలుంటే డారిల్‌ని నేనే విడిపించొచ్చు, అందరూ ఒక్కమాట మీద ఉంటేనే గదా తీర్పు, నేనొక్కదాన్ని కుదరదంటే చాలు, నా నోటితో ఆ చెట్ల మాట చెప్పక్కర్లేకుండా వాణ్ణి బయటపడెయ్యొచ్చు అనుకున్నాను. పెద్ద తెలివైనదాన్నిలే!

ఇప్పుడు నన్ను తీసేస్తే ఆ కుదరదనేవాళ్ళు ఎవరు?

ఇంకో మాట ఉంది. ఇది దేవుడిక్కూడా చెప్పలేదు. మొన్న ఒక క్షణం, బల్ల చుట్టూ మొహాలు చూస్తుంటే, వీడికి శిక్ష పడితే ఇక ఆ చెట్ల సంగతి ఎవరూ ఎప్పుడూ అడగరు గదా అనిపించింది. హాయిగా అనిపించింది విల్ఫ్రెడ్. ఛీ, ఏం మనిషిని నేను! వాళ్ళమ్మ అక్కడ కూచుని ఉంది.

ఇదిగో, ఈసారి అడుగులే. పిలుస్తున్నారు. జూరర్ నంబర్ పన్నెండు అంటున్నారు, నన్నే.

వస్తున్నా, వస్తున్నా. ఈ తుంటితో లేవలేను, పట్టుకో. జడ్జీగారు బర్మా సంగతే అడుగుతుంది. తప్పయిపోయిందమ్మా, ముసలిదాన్ని, అని ఏడిస్తే నన్ను పంపించేస్తుంది, తెలుసు నాకు. పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాను. ఆ దారి ఎంత సులువుగా కనబడుతోందో నీకు తెలీదు.

నువ్వు తలుపు దగ్గర నిలబడకు. లోపలికి రా, ఆవిడ పక్కన, నాకు ఎదురుగా నిలబడు. నీ మొహం కనబడకపోతే నేను మంచు గురించి మాత్రమే చెప్పి వచ్చేస్తాను.