ఆంబ్రోస్ పెట్టె, పొగమంచులో పడవ

ఆ రోజు మా చేపలవేట ఊరు స్కిల్లెట్ కోవ్‌లో పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, నా షెడ్డు గుమ్మంలో నిలబడితే ఇరవై అడుగుల్లో ఉన్న రేవు కనపడలేదు. పడవలన్నీ పొద్దున్నే కట్టేశారు. పనిలేక అందరూ నా కట్టెల పొయ్యి చుట్టూ చేరారు. ఆంబ్రోస్ కీపింగ్ ఒక మూల, ముసలాయన అజరయా ఇంకో మూల వల చిల్లులు కుట్టుకుంటూ. మా ఊరి బడికి కొత్తగా వచ్చిన డెస్మండ్ మాస్టారు సుత్తి అడగడానికి వచ్చి, టీ ఇస్తే కూచున్నాడు. కూచున్నవాడు ఊరుకోకుండా, "ఆంబ్రోస్ గారూ, మీ ఇంటి కప్పు మీద తుప్పు పట్టిన డిష్‌లు మూడున్నాయి, ఎందుకండీ?" అన్నాడు.

నేను మాస్టారి కాలు తన్నాను, ఆపమని. ఆలస్యమైపోయింది.

"మూడేనా మీకు కనపడ్డవి?" అన్నాడు ఆంబ్రోస్, కప్పు కింద పెట్టి. "పెద్దది వెనక వైపుంది మాస్టారూ, దాంట్లో కోళ్ళు పడుకుంటున్నాయి. చెప్తా వినండి. నేనేదో గొప్పోణ్ణని చెప్పను, ఆ అలవాటు నాకు లేదు, కావాలంటే సెల్బీని అడగండి."

"నన్నడక్కండి," అన్నాను.

"కాడ్ చేపల వేట ఆపెయ్యమని ప్రభుత్వం చెప్పింది కదా, ఊళ్ళో మగాళ్ళందరం చేతులు ముడుచుకుని కూచున్నాం. మా ఆవిడ మిల్డ్రెడ్ ఉందే, నేను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే చూళ్ళేక, ఏదో ఒకటి నేర్చుకోవయ్యా అంది. అప్పుడే బోస్టన్ నుంచి మా బావమరిది ఓ పెట్టె పంపాడు, టీవీకి పెట్టుకునేది. అమెరికా కంపెనీది. కెనడా వాళ్ళం చందా కడతామన్నా వాడు పుచ్చుకోడు. పుచ్చుకోనివాడు ఉపగ్రహం నుంచి బొమ్మని మన నెత్తి మీద ఎందుకు కురిపించాలి చెప్పండి? పెట్టెలో ఓ కార్డుంటుంది, కార్డులో బియ్యపు గింజంత చిప్పు, ఆ చిప్పులో రాసుంటుంది ఏ ఛానల్ చూపించాలో, ఏది చూపించకూడదో. దాన్ని కంప్యూటర్‌కి తగిలించి మనక్కావాల్సినట్టు తిరగరాయాలి. అంతే పని. నాకు మూడు వారాలు పట్టింది. నిజం చెప్తున్నా, మొదట్లో నేనూ అందర్లాంటి వాణ్ణే."

"మూడు వారాలంటే ఎక్కువేం కాదు," అన్నాడు మాస్టారు మర్యాదగా.

"రాస్తున్నప్పుడు కరెంటు పోకూడదు మాస్టారూ, అదీ భయం! పోయిందా, కార్డు చచ్చినట్టే. మా ఊళ్ళో గాలి తుమ్మితే కరెంటు పోతుంది. తెర మీద అంకెలు నడుస్తుంటాయి, పది, పదకొండు, పన్నెండు... బయట గాలి ఈల వేస్తుంటుంది, దీపం మిణుకు మిణుకుమంటుంది, నేను ఊపిరి బిగబట్టి కూచునేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊపిరి బిగబట్టడం అలవాటైపోయి, నలభై నిమిషాలు ఊపిరి తియ్యకుండా ఉండేవాణ్ణి. సముద్రంలో మునిగి ఊపిరి బిగబట్టే సీల్ జంతువులు వచ్చి చూసి వెళ్ళేవి."

"ఏ సీల్ జంతువులు?" అన్నాను.

"నీకు తెలిసినవి కావులే. మొదటి కార్డు పలికిన రోజు హాకీ ఫైనల్. మిల్డ్రెడ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటికి వీధిలో పన్నెండు ఇళ్ళు, నెలకి ఊరంతా, ఏడాదికి లాబ్రడార్ దాకా నా కార్డులే. గ్రీన్‌లాండ్ నుంచి కుక్కల బండి మీద వచ్చాడొకడు కార్డు రాయించుకోడానికి. ఇక అక్కడ కంపెనీవాడికి నిద్ర పట్టేది కాదు. వాడేం చేసేవాడంటే, ఆకాశం నుంచి ఓ దెబ్బ పంపేవాడు. అది తగిలిందంటే దొంగ కార్డులన్నీ ఒక్కసారే గుడ్డివైపోతాయి. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అందరూ గుండె చేత్తో పట్టుకుని చూసేవాళ్ళు. నాకు మాత్రం ముందే తెలిసిపోయేది, మోకాల్లో నొప్పొచ్చేది. కుడి మోకాలైతే సోమవారం, ఎడమదైతే గురువారం. దెబ్బ పడ్డ నాలుగు నిమిషాల్లో విరుగుడు రాసేవాణ్ణి, రెండు వేళ్ళతో. మిగతా ఎనిమిది వేళ్ళతో బంగాళాదుంపలు ఒలిచేవాణ్ణి."

మాస్టారు తన వేళ్ళు చూసుకున్నాడు.

"ఓ రోజు పోలీసు బండొచ్చి మా గేటు ముందు ఆగింది. టేబుల్ మీద రెండొందల కార్డులు! మిల్డ్రెడ్ వాటిని చేపల పులుసులో వేసి కలిపేసింది. పోలీసాయన లోపలికొచ్చి, కూచుని, రెండు గిన్నెల పులుసు తాగి, మూతి తుడుచుకుని, తగ్గు గొంతుతో ఏమన్నాడో తెలుసా? 'ఆంబ్రోస్, నా కార్డు కూడా గుడ్డిదైపోయింది, కాస్త చూడు' అన్నాడు."

ఇక్కడ అందరం నవ్వాం. అజరయా కూడా మీసాల్లో నవ్వాడు. ఆంబ్రోస్ మాత్రం నవ్వలేదు. కిటికీ వైపు చూశాడు. అవతల తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. అతను ఈ కథ చెప్పగా నేను పాతికసార్లు విన్నాను. ఇక్కడికి రాగానే ప్రతిసారీ గొంతు మారుతుంది.

"ఇదంతా ఒక ఎత్తు. ఆ అక్టోబర్ మధ్యాహ్నం ఒక ఎత్తు," అన్నాడు. "ఇలాంటి మంచే. ఎఫీ బ్లాంచ్ అనే పడవ మీద నలుగురు వేరే చేపలకి వెళ్ళారు. మా తమ్ముడు లూయిస్, ఇదిగో ఈ అజరయా బాబాయ్, పెన్నీ అన్నదమ్ములిద్దరూ. పన్నెండింటికి రావాల్సినవాళ్ళు, రెండైంది, రాలేదు. మన రేవు నోట్లో రాళ్ళున్నాయి కదా, నీళ్ళలో మునిగి, పైకి కనపడవు. ఒడ్డున ఊరి హాల్లో రేడియో ఉంది, దాంతో పిలిచి దారి చెప్పాలి. సరిగ్గా ఆ రోజే, ఏమైందో, గాలికి, రేడియో పోయింది. గాలికే. ఆడవాళ్ళందరూ రేవు మీద నిలబడ్డారు. లూయిస్ భార్య నా వైపు చూసింది. ఆవిడ అలా చూస్తుంటే ఏం చేస్తారు చెప్పండి మాస్టారూ?"

"ఏం చేశారు?"

"ఇంటికి పరిగెత్తా. బొమ్మ తీసుకునే పెట్టెని పంపే పెట్టెగా మార్చేశా. ఎలా అంటే, ప్రోగ్రాం అంతా వెనక నుంచి ముందుకి రాశా, చివరి అక్షరం మొదట. డిష్ ఊడబీకి సముద్రం వైపు తిప్పా. నా చేతులు వణకలేదు. వణికాయని ఎవరన్నా అంటే అబద్ధం. పైనున్న ఉపగ్రహాన్ని పట్టుకున్నా, ఇటు రమ్మన్నా. అది కాస్త కాస్తగా జరిగింది. జరిగి జరిగి మన నెత్తి మీదకొచ్చింది. ఇంకా కిందికి, ఇంకా కిందికి. చర్చి శిఖరానికి రాసుకుంది, ఇప్పటికీ అక్కడ పెయింటు ఊడి ఉంటుంది చూడండి. తాడేసి రేవు గుంజకి కట్టేశా. దానికి దీపం వెలిగించా, మంచుని కోసుకుంటూ పోయింది వెలుగు. హాకీ వ్యాఖ్యాత గొంతులో 'లూయిస్, ఎడమకి తిప్పు, బాబాయ్, ఇంజన్ తగ్గించు' అని ఆకాశమంతా వినపడేలా పలికించా! అమెరికాలో కోటి ఇళ్ళల్లో ఆట ఆగిపోయి మా లూయిస్ పేరు వినపడింది. కోటిమంది లేచి నిలబడి ప్రార్థన చేశారు. పడవ ఆ వెలుగు వెంట..."

అతని కప్పు సాసర్‌కి తగిలి టకటకమంటోంది. అతను ఆపాడు, రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఆ వెలుగు వెంట వచ్చేసింది," అన్నాడు. "అదీ సంగతి."

అజరయా సూది వలలో గుచ్చి పక్కన పెట్టాడు. ఆయన మామూలుగా ఈ కథకి ఏమీ అనడు. ఆ రోజు ఎందుకన్నాడో నాకు తెలీదు. మంచు వల్ల కావచ్చు, డెబ్భై ఎనిమిదేళ్ళు నిండబట్టి కావచ్చు.

"రేడియో గాలికి పోలేదురా ఆంబ్రోస్," అన్నాడు.

ఆయన అక్కడితో ఆపలేదు.

"ఒడ్డెక్కగానే నేను హాల్‌కి వెళ్ళా. మూడు గంటలు పిలిచాం, ఒక్కడూ పలకలేదేమా అని. రేడియో బాగానే ఉంది. దానికి కరెంటిచ్చే నల్ల డబ్బా లేదు, వైర్లు వేళ్ళాడుతున్నాయి. మర్నాడు పొద్దున్న చూస్తే డబ్బా వచ్చి కూచుంది. మీద తెల్ల టేపంటించి ఉంది, నీ చేతిరాత, 'కార్డుల మిషన్' అని. ఆ టేపు పీకడం మర్చిపోయావు."

ఆంబ్రోస్ అజరయా వైపు తిరిగాడు. "నా డబ్బా కాలిపోయింది బాబాయ్," అన్నాడు. కోతలు కోసే గొంతు కాదది, నేనెప్పుడూ వినని గొంతు. "ఒక్క పూటకని తీసుకెళ్ళా. పొద్దున్నే తెచ్చి పెట్టేద్దామనుకున్నా. అంకెలు నడుస్తున్నాయి, మధ్యలో ఆపితే కార్డు చస్తుందని... కార్డు చస్తుందని కూచున్నా. లూయిస్ భార్య వచ్చి తలుపు కొట్టేదాకా మంచు దిగిందని కూడా చూసుకోలేదు. డబ్బా పట్టుకుని హాల్‌కి పరిగెత్తా. ఏ వైరు ఎందులో పెట్టాలో గుర్తు రాలేదు. వెయ్యి అంకెలు గుర్తున్నాయి, రెండు వైర్లు గుర్తు రాలేదు. డబ్బా చంకలో పెట్టుకుని మళ్ళీ బయటికి పరిగెత్తా."

"తెలుసు."

"ఎప్పట్నించి తెలుసు?"

"ఆ మర్నాటి నుంచే. పదకొండేళ్ళు."

"ఎందుకడగలేదు?"

"అడిగితే ఏం చెప్పేవాడివి? నలుగురం ఇంటికొచ్చాం కదా," అన్నాడు అజరయా. మాస్టారి వైపు తిరిగాడు. "ఎలా వచ్చామో కూడా చెప్తా. ఉపగ్రహం లేదు, దీపం లేదు. ఇంజన్ ఆపేసి చెవులు రిక్కించి కూచున్నాం. కెరటం రాయికి కొట్టే చప్పుడు దగ్గరవుతోంది. ఇక ఈదాల్సిందేనని పెన్నీ వాళ్ళ చిన్నోడు బూట్లు విప్పేసుకున్నాడు. అప్పుడు వినపడింది, కారు హారన్. ఆగకుండా. వీడు తన పికప్ బండిని రేవు నోటి పక్కనున్న కొండకొమ్ము చివరిదాకా తోలి, ముందు చక్రాలు గడ్డి అంచున పెట్టి, హారన్ కొడుతున్నాడు. ఆ మోతని ఎడమ చేతి వైపుంచుకుని, అంగుళం అంగుళం లోపలికొచ్చాం. రేవుకి కట్టేశాక కూడా మోత ఆగలేదు. నేనూ లూయిస్ కొండెక్కి చూస్తే, చేతులు పనిచెయ్యక, నుదురు పెట్టి నొక్కుతున్నాడు. లూయిస్ తలుపు తీసి, అన్నా, వచ్చేశాం అంటే నమ్మలేదు. తమ్ముడి మొహం తడిమి చూశాడు."

పొయ్యిలో కట్టె విరిగింది. నేను ఇంకో కట్టె వెయ్యాల్సింది, వెయ్యలేదు.

డెస్మండ్ మాస్టారు మెల్లిగా, "మరి ఇదే చెప్పొచ్చు కదండీ ఆంబ్రోస్ గారూ, ఉపగ్రహం ఎందుకు?" అన్నాడు.

ఆంబ్రోస్ కప్పు కింద పెట్టాడు. "హారన్ ఎవడైనా కొడతాడు మాస్టారూ," అన్నాడు. "డబ్బా తీసినవాణ్ణి నేనొక్కణ్ణే."

"హారన్ కొట్టినవాడివీ నువ్వొక్కడివే," అన్నాడు అజరయా వల మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటూ. "మూడు గంటలు కొట్టావు."

ఆంబ్రోస్ చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఒకసారి దగ్గాడు. కుర్చీలో కాస్త నిటారుగా జరిగాడు.

"మూడా?" అన్నాడు. "ఆరు గంటలు బాబాయ్. ఆ మోతకి ఐస్‌లాండ్‌లో గొర్రెలు ఈనేశాయి."