దురదకు నేనే కారణమంట

ఆ ఫారం పక్కన పెట్టి కాఫీ తాగమ్మా అర్చనా. మందు పడనోళ్ళ వివరాలు రాసుకునే పని నీది, కాదనను. నా చేతి మింద దద్దుర్లు యాడికీ పోవులే. కొత్త మాత్ర ఆపితే తగ్గిందా, మళ్ళీ వేసుకుంటే వచ్చిందా అని నువ్వడుగుతాంటే మా ఇంటాయన, ఆయప్ప గుర్తొచ్చినాడు. నువ్వు పుట్టకముందే పోయినాడు. పీణ్య ఫ్యాక్టరీలో లేత్ మిషను పని. మిషను మొరాయిస్తే ఒక్కొక్క పార్టే ఊడదీసి చూసేవాడు. ఇంట్లో మిక్సీ అయినా అంతే. ఆ మిక్సీ కథ వద్దులే, అది ఇప్పటికీ మూటలోనే ఉండాది.

ఆయప్పకు బీపీ మాత్ర ఇచ్చినారు. నెల తిరగకముందే ఒళ్ళంతా దద్దుర్లు, ఒకటే గోకుడు. డాక్టరు దగ్గరికి పోదాం రాప్పా అంటే, "సుమ్నే ఉండు, ఊరుకో సొన్నమ్మా, ఫాల్టు నేను కనిపెడతా" అన్నాడు. వారం సబ్బు ఆపినాడు. వారం వంకాయ ఆపినాడు. కొత్త లుంగీ ఆపినాడు, పాతది కూడా ఆపుతానంటే నేను ఒప్పుకోలేదు. ఇంక మిగిలిందెవురు? నేనే! "ఎనిమిది దినాలు మీ అమ్మింటికి పో, చూద్దాం" అని దేవనహళ్ళి బస్సెక్కించినాడు. చెప్తే నమ్మవు, దురద పోయింది! నేనొస్తానే మళ్ళీ దద్దుర్లు. మళ్ళీ పంపించినాడు, మళ్ళీ పోయింది. ఇరవై ఏండ్లు కాపురం చేసినదాన్ని, "మా ఇంటామె నా ఒంటికి పడదు" అని వీధంతా చెప్పుకొచ్చినాడు. మా అమ్మ ఏడ్చింది. ఇంక ఈ ఇంట్లో నాకు చోటు లేదని నేనూ ఏడ్చుకుంటానే పెట్టె సర్దుకున్నా.

అప్పుడు పక్కింటి నర్సు లిడియా వచ్చి మాత్రల డబ్బా తెరిచింది. "అన్నా, వదిన లేని దినాల్లో మాత్ర వేసుకున్నావా?" యాడ! ఆయప్పకు నీళ్ళతో మాత్ర దిగదు. మొదటి సంగటి ముద్దలో దూర్చి నేనే పెట్టాల. నేను లేకుంటే హోటల్లో ఇడ్లీ, మాత్రలు డబ్బాలోనే! "నీకు పడంది వదిన కాదన్నా, మాత్ర" అనింది లిడియా. డాక్టరు మాత్ర మార్చినాడు, దద్దుర్లు పోయె. తప్పయిందన్నాడా? ఊహూ. "అయినా రుజువు గట్టిగా ఉండాల సొన్నమ్మా, ఇంకొక్కసారి పోయిరా" అన్నాడు. నువ్వే పోప్పా అని చెంబు ఇసిరినా.

రెండేండ్లకు గుండె ఆగి పోయినాడు. ఆయప్ప లేకుంటే ఎట్లుంటాదో ఇరవై ఐదేండ్లుగా చూస్తానే ఉండా. ఆపి చూసినంక మళ్ళీ ఇచ్చి చూడాలంట కదా మీ ఫారంలో... నాకెవురిస్తారమ్మా?

ఏం రాస్తాండావు? దద్దుర్లు మోచేతి దాకా అని రాయి.