గురువు దొరకని శిష్యుడు

మాటలు కోటలు దాటిస్తాడని ఆయనకి కోటల మామయ్య అని పేరు. ఆ మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి, మేనకోడలు జిరాక్సు కొట్టు అరుగు మీద కాగితం ముందేసుకుని దిగాలుగా కూర్చుని ఉంది.

విదేశంలో పేరుమోసిన విశ్వవిద్యాలయంలో పైచదువుకి దరఖాస్తు. ఆఖరి రోజు. మార్కులు చూస్తే యాభై ఎనిమిది శాతం. సిఫారసు ఉత్తరం అడిగితే ప్రొఫెసరుగారు "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అన్నారు. ఐదింటికి ఆయన గదికి తాళం పడుతుంది. తనని తాను పొగుడుకోవడం ఆ పిల్లకి చేతకాదు. గంటసేపు కుస్తీపడితే వచ్చింది ఒక్క వాక్యం: "ఈమె తరగతికి క్రమం తప్పకుండా వచ్చును."

"ఓస్, ఇంతేనా!" మామయ్య చతికిలబడ్డాడు. "నాకెంతొచ్చాయనుకున్నావు? యాభై రెండు! మా ప్రొఫెసరూ అదే మాటన్నాడు. రాసిచ్చాను. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, 'ఇంతటివాడికా నేను పాఠం చెప్పింది!' అని లేచి నిలబడి సంతకం పెట్టాడమ్మా!"

"కూర్చుంటే పడదేం సంతకం?" అంది లోపల్నుంచి జిరాక్సు కొట్టామె.

"మధ్యలో నీ అడ్డుపుల్లలొకటి! ఆ ఉత్తరం అక్కడికి చేరిందా, చదివిన గుమాస్తా ఉద్యోగం మానేసి మళ్ళీ బళ్ళో చేరాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకోసం మూడు విశ్వవిద్యాలయాలు జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. ప్రవేశపరీక్ష నువ్వు రాయడమేంటి, ప్రశ్నపత్రం నువ్వే ఇవ్వు అన్నారు. ఇచ్చాను. వాళ్ళ ఆచార్యులంతా తప్పారు!"

"మరి వెళ్ళలేదేం మామయ్యా?"

"ఎలా వెళ్ళను? చివరికి వాళ్ళే రాశారు. 'అయ్యా, తమరు ఎంతో ప్రతిభావంతులు. తమరికి తగిన గురువు మా దగ్గర లేనందున చేర్చుకోలేకపోతున్నాము, మన్నించండి' అని!"

మేనకోడలు కలం కింద పెట్టింది.

"పోయినేడు నాకూ ఆ ఉత్తరమే వచ్చింది మామయ్యా. రెండుచోట్ల నుంచి. రానివ్వం అని చెప్పడానికి వాళ్ళంతే మర్యాదగా రాస్తారు."

మామయ్య తన చెప్పుల వంక చూసుకున్నాడు. "నాకు నాలుగొచ్చాయి" అన్నాడు.

"తొమ్మిది," అంది కొట్టామె. "మా నాన్నే కదా నీ దరఖాస్తులన్నీ టైపుకొట్టింది."

ఆయన తగ్గించి చెప్పిన అంకె ఊళ్ళో అదొక్కటే కాబోలు. మేనకోడలికి నవ్వొచ్చింది. తొమ్మిది తిరిగొచ్చినా మనిషి నిక్షేపంలా ఉన్నాడు! రెండింటికేనా తను ఇంత బెంగపడింది? కలం తీసి గబగబా రాసింది: "ఈమె ప్రయోగం మూడుసార్లు చెడింది. ఎవరూ చెప్పకుండానే గాజుగొట్టాలు కడిగి నాలుగోసారి మొదలుపెట్టి, సాధించింది."

మామయ్య భుజం మీంచి తొంగిచూశాడు.

"మూడేమిటే, ముప్ఫై అని రాయి!"

"మూడే మామయ్యా," అంటూ ఆ పిల్ల కాగితం పట్టుకుని పరుగెత్తింది. ఐదవడానికింకా పావుగంట ఉంది.