వారసుల గడి

రియాద్, మలాజ్. మస్తాన్ వలీ టైపింగ్ దుకాణం. 2018లో ఒక మధ్యాహ్నం, జుహర్ నమాజు అయ్యాక.

"చనిపోయిన తేదీ ఒక్కటి దొరికితే చాలంటివి కదా రాజేశం. ఇప్పుడు యాడ పని చేసినాడు, ఎన్నేళ్ళు చేసినాడు, అన్నీ అడుగుతుండావే."

"దొరికితే చెప్పు చాచా. లేకుంటే తేదీ ఒక్కటే సాలు."

"ఎగ్జిట్ ఎప్పుడు నీది?"

"బేస్తారం. ఎల్లుండి. మనిషికింతని సర్కారు లెవీ కట్టుడు నాతోని గాదని మా కఫీలు సేటు పన్నెండు మందికి ఒక్కపారే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పొమ్మన్నడు."

"నాదీ అంతేలే. ఈ నెలాఖరుకు షట్టర్ దించుతుండా. ఇంట్లోవాళ్ళను పోయినేడే కడపకు పంపిస్తి. ఈ మూటలు సోమవారం పాత కాగితాలోడు తీసకపోతాడు. వారం ఆలస్యమైంటే నీకు ఇవి దొరికేవి కావు."

"మా రూంల ఉండే స్వామి చెప్పవట్టే వచ్చిన. మలాజ్ల ఒక ముసలాయన మనోళ్ళ కాగితాలన్ని దాసిపెట్టిండు, పోయి అడుగుమన్నడు."

"ముసలాయన అన్నాడా?"

"పెద్దమనిషి అన్నడు. ముసలాయన నేను కలిపిన."

"సరే, సరే. మళ్ళీ చెప్పు. పేరు?"

"గంగారాం. మా నాయిన."

"తండ్రి పేరు?"

"నర్సయ్య. ఊరు జగిత్యాల తాలూకా. అప్పట్ల కరీంనగర్ జిల్లా."

"మీ తట్టు గంగారాంలు ఎంతమందో తెలుసునా? ఈ మూటలోనే ఆరుగురు. అందులో నర్సయ్య కొడుకులు ఇద్దరు. ఇంటామె పేరేంది?"

"గౌరవ్వ."

"గౌరవ్వ... ఆ. ఉండాడు. ఇదో, చూడు. ఎడమ చెవి కింద మచ్చ అని రాసుండాది. ఉండెనా?"

"తెల్వది."

"తెలవకపోవడమేంది అబ్బీ?"

"నేను కడుపుల ఉన్నప్పుడు పోయిండు. మా ఊరికెల్లి సౌదీకి మొదలు పోయింది ఆయననే. ఇంట్ల ఒక్క ఫోటో ఉంది. అండ్ల కుడి దిక్కు మొకం పెట్టి నిలవడ్డడు."

"మ్. మొదటి కాగితం డెబ్బై తొమ్మిదిది. యాన్బు. రేవు కట్టే కంపెనీలో మేస్త్రీ కింద కూలి. ఇకామా గుర్తింపు కార్డు నకలు. వేలిముద్ర వేసినాడు."

"సదువు రాదు. ఉత్తరాలు ఎవలతోనో రాపిచ్చెటోడు. ఎనభై ఒకటిల ఆఖరి ఉత్తరం వచ్చింది. అటెన్క లేదు."

"ఎట్లా వస్తుంది? ఎనభై ఒకటిలోనే కంపెనీ నుంచి పారిపోయినాడు. ఇది చూడు, పరారీ అని రాసుండాది. ఈ దేశంలో ఇంటికి టపా రాదు కదా. ఉత్తరమంటే కంపెనీ పోస్టుబాక్సుకే. పారిపోయినోనికి పోస్టుబాక్సు యాడిది?"

"పదహారేండ్లు చాచా. ఊరికి పొయ్యేటోని చేతికి ఒక్క ముక్క ఇయ్యరాలేదా?"

"అది నేనెట్లా చెప్పేది? భయపడినాడేమో. సిగ్గు పడినాడేమో. కాగితంలో అట్లాంటివి ఉండవు నాయనా."

"పదహారేండ్లు యాడున్నడు?"

"హుఫూఫ్‌లో. ఖర్జూరం తోటలో. సర్కారు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు బయటికొచ్చి, ఇంటికి పోనీకి ఔట్‌పాస్ అడిగినాడు. నేనే రాసినా ఆ అర్జీ. ఈ పాత కాగితాలన్నీ దానికి జత చేసినవే. తొంభై ఏడు. ఇది నా టైపే, ఆ మిషన్లో అడుగు గీత సగమే పడేది."

"తొంభై ఏడా?"

"తొంభై ఏడే. ఎందుకట్లా చూస్తావు?"

"చాచా, మా నాయినను మేము తొంభై మూడుల కాల్చినం."

"కాల్చడమేంది? మనిషి ఇక్కడుంటే?"

"మా దాంట్ల పన్నెండేండ్లు మనిషి జాడ తెల్వకుంటే, పోయినట్టు లెక్క. అయ్యగారు మా కాకకు, నాయిన తమ్మునికి, చెప్పిండు. మూడు వందల అరవై మోదుగు కాడలు, దర్భ. వాటితోని మనిషి బొమ్మ చేసి, ధర్మపురిల గోదారి ఒడ్డుకు దహనం చేసినం. మా అవ్వకు గాజులు తీసిండ్రు. కొరివి నేనే వెట్టిన."

"ఎన్నేళ్ళు నీకప్పుడు?"

"పదమూడు. గుండు గొట్టిచ్చిండ్రు. బడిల దోస్తులకు చెప్పుకునేటోన్ని, మా నాయినకు నేనే కొరివి వెట్టిన అని. పెద్దోన్ని అయినట్టు ఉండె."

"నీ తప్పేముండాది. పెద్దోళ్ళు చెప్పినారు, చేసినావు."

"తప్పని నేననలే."

"నేనూ అనలేదు. టీ తాగుతావా?"

"వద్దు. తర్వాత కాగితం చూడు."

"మీ అమ్మ ఇన్నేళ్ళకు తేదీ ఎందుకు అడుగుతుండాది? ఏటేటా తద్దినం పెడుతుండారు కదా, ఆ గోదారి తేదీకే?"

"పెడుతున్నం. మరి ఎందుకో తెల్వది. నాకు ఎగ్జిట్ పడ్డదని చెప్పిన నాటిసంది గదే మాట. రాకముందే అసలు తిథి తెలుసుకో కొడుకా, మల్ల నువ్వు ఆ దేశం పోవు, అంటది."

"అసలు తిథి అన్నాదా?"

"గట్లనే అన్నది."

"మ్. సరే, తర్వాత కాగితం. తొంభై ఏడు అక్టోబరులో ఎగ్జిట్. బొంబాయి."

"ఇండియాకు వచ్చిండా?"

"ముద్ర ఉండాది చూడు. మళ్ళీ తొంభై ఎనిమిది మార్చిలో కొత్త వీసా మీద వచ్చినాడు. అదే హుఫూఫ్, అదే తోట. ఆ సేటు ఆఫీసు ఈ సందులోనే ఉండె, అందుకే ఆ తోటోళ్ళ ఫారాలన్నీ నా దగ్గరికే వచ్చేవి."

"ఐదు నెలలు ఉన్నడు ఇండియాల."

"ఉన్నట్టే."

"యాడున్నడు? ఇంటికి రాలే. వేరే మనిషి గంగారాం గావచ్చు చాచా. ఇంకోపారి చూడు."

"తండ్రి నర్సయ్య. ఊరు మీదే. ఎడమ చెవి కింద మచ్చ. పాత పాస్‌పోర్టు నంబరు కూడా వేసినా."

"ఇంటామె పేరు?"

"దీంట్లో లేదు."

"చూసినవా? మరి వేరే మనిషే."

"గడి ఖాళీగా ఉండేది మనిషి వేరై కాదు. ఆయనే రాయొద్దన్నాడు. నాకు గుర్తుండాది."

"ఇరవై ఏండ్ల కిందటిది గుర్తుందా?"

"వేల మందికి టైపు చేసినా, ఎవ్వరూ గుర్తులేరు. ఈయన గుర్తుండాడు. వారసులు ఎవరు, పేరు చెప్పు, రేపు నీకేమన్నా అయితే ఎవరికి చెప్పల్ల అని అడిగితి. ఎవలూ లేరు, సచ్చినోనికి వారసులు ఎవలుంటరు భాయ్, అన్నాడు. జోకు అనుకోని నవ్వినా."

"ఆయన?"

"నవ్వలేదు."

"నువ్వు మల్ల అడగలేదా?"

"వెనక ఎనిమిది మంది లైన్లో ఉండారు. గీత కొట్టేసి సంతకం చోట వేలిముద్ర తీసుకున్నా. అడిగింటే బాగుండు. ఇప్పుడనిపిస్తుంది."

"ఎవలో చెప్పిండ్రన్నట్టు ఆయనకు. కాల్చిన ముచ్చట."

"అట్లే ఉండాలప్పా. బొంబాయిలోనే మీ ఊరోడు ఎవడో కనపడి చెప్పింటాడు."

"గట్లనే అయ్యుంటది. చనిపోయింది చూడు."

"అది ఈ మూటలో లేదు. ఆ రెండోది అందుకో. ఎర్ర తాడు. నితాఖత్ చట్టం వచ్చినప్పటి కాగితాలు. కంపెనీలో సరిపడా సౌదీలు లేరని ఆ తోటను ఎరుపులో పెట్టినారు. ఎరుపులో పడితే పనోళ్ళందర్నీ వేరే కఫీలు కిందికి మార్చాల. ఆ జాబితా కూడా నేనే కొట్టినా. పదిహేడు పేర్లు. ఇదో, పద్నాలుగో పేరు. జింకారాం అని రాసినారు అరబ్బీలో, మన గంగారామే. ఎదురుగా, చనిపోయినాడు. హిజ్రీ పద్నాలుగు వందల ముప్పై మూడు, రజబ్ పది."

"ఎట్ల పోయిండు?"

"రాయలేదు. మామూలుగానే పోయింటాడు. వేరే ఏమన్నా అయితే పోలీసు కాగితం జత చేస్తారు."

"యాడ పెట్టిండ్రు?"

"అదీ లేదు. వారసుల గడి ఖాళీ కదా. ఇంటికి చెప్పే దారి లేదు. ఇక్కడ కాల్చరు, నీకు తెలుసు."

"ముందే కాల్చినంగద."

"అట్లా మాట్లాడద్దు అబ్బీ."

"ఉన్నదే అంటున్న. రజబ్ పది మాకు ఎన్నడైతది?"

"మీకూ మాకూ నెలకు చంద్రుడే కదా లెక్క. నెలవంక కనపడిన పొద్దు మాకు ఒకటి. మీకప్పటికి పాడ్యమి దాటేసింటుంది. పది అంటే మీకు ఏకాదశి దగ్గర పడాల."

"ఫోన్ల పంచాంగం ఉంది, ఉండు. రెండువేల పన్నెండు, మే ముప్పై ఒకటి. బేస్తారం. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి."

"మంచి రోజు కదా మీకు?"

"మంచిదే అంటరు."

"ఫోన్ చెయ్యి మరి అమ్మకు. ఇక్కడే చెయ్యి, వైఫై ఉండాది. నేను అస్ర్ నమాజుకు వజూ చేసి, కాళ్ళు చేతులు కడుక్కోనొస్తా."

ఫోన్‌లో గౌరవ్వ.

"అవ్వా, ఏం జేస్తున్నవ్?"

"బీడీలకు ఆకు కత్తిరిస్తున్న. తిన్నవా?"

"తిన్న. తేదీ దొరికింది."

"ఎన్నడు?"

"జేష్ఠంల. ఏకాశి."

"ఏ ఏడు?"

"రెండువేల పన్నెండు."

"ఆరేండ్లాయె. సరే. రాసుకో, మర్సిపోతవు. అయ్యగారికి చెప్పాలె."

"రాసుకున్న. అవ్వా, తొంభై మూడుల కాల్చినం మనం. నేను రెండువేల పన్నెండు అంటున్న. అదెట్ల అని అడుగుతలేవు నువ్వు."

"ఏమడగాలె?"

"ఏదో ఒకటి."

"లైను సక్కగ వస్తలేదు బిడ్డ. మల్ల చేస్తవా? ఆకు ఆరిపోతది."

"మంచిగనే వస్తుంది. తొంభై ఏడుల నాయిన ఇండియాకు వచ్చిండట. కాగితం చూసిన. ఐదు నెలలున్నడు. నీకు ఎరికేనా?"

"సామాన్లు కట్టుకున్నవా? బరువు ఎక్కువైతే తీసిపారేస్తరట."

"అవ్వా."

"ఏందిరా?"

"ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండు."

"ఎన్నడు?"

"కార్తీకంల. పొద్దుగాల. నేను లోపటి అర్రల చాట ఒళ్ళె వెట్టుకొని కూసున్న. గొంతు ఇని గుర్తువట్టిన."

"మరి బయటికి రాకపోతివా?"

"లేవరాలే."

"ఎందుకు లేవరాలే?"

"అయ్యగారు ముందుగాల్నే చెప్పిండె, గట్ల కర్మ చేసినంక మనిషి మల్ల వస్తే ఇంట్లకు రానియ్యద్దు, మల్ల పుట్టిచ్చి పేరు వెట్టాలె, మల్ల నాతోని పెండ్లి చెయ్యాలె అని. నా చేతులకు గాజుల్లేవు, నొసట బొట్టు లేదు. ఆయనకు ఎట్ల ఎదురుంగ వస్త? లేద్దాం, లేద్దాం అనుకుంటనే ఉన్న. పోయిండు."

"ఎవలు పొమ్మన్నరు? కాకనా?"

"కాక ఊర్ల లేడు ఆ దినం."

"మరెవలు?"

"ఎవలు పొమ్మనలే."

"ఇంతకాలం నాకు చెప్పకపోతివి."

"నీకెట్ల చెప్పాలె బిడ్డ?"

"ఎట్లనో ఒకట్ల. నేను పదిహేనేండ్లు ఇదే దేశంల ఉన్న అవ్వా. హుఫూఫ్ ఇక్కడికి నాలుగు గంటల తొవ్వ. చెప్తే పోయి తెచ్చుకుందునుగద."

"యాడున్నడో నాకేం ఎరుక? నీకు చెప్పద్దనుకున్న. తిథి అడిగి తప్పు చేసిన."

"ఏం తప్పు? ఎవలో తలుపు తీసిండ్రు, ఎవలో మాట్లాడిండ్రు ఆయనతోని. నువ్వు గొంతు ఇన్నవంటే ఎవలతోనో మాట్లాడిండుగద. ఎవలతోని?"

"పోనియ్యిరా."

"చెప్పు అవ్వా."

"నీతోనే. గంగారాం ఇల్లు ఇదేనా బాబు అని అడిగిండు. మా నాయిన సచ్చిపోయి నాలుగేండ్లాయె, నేనే కొరివి వెట్టిన అన్నవు. దూపయితుందన్నడు. చెంబు నిండ నీళ్ళిచ్చినవు. తాగి, మంచిగ చేసినవు బిడ్డ అన్నడు."