బండోడు తూము పీకిన సంగతి

"ఆదివారం ఆటకు మూడు వారాలుగా నీకు పిలుపు లేదంట గదా, బెన్హరన్నా?" అన్నాడు పెంచలకృష్ణ, ఇందుకూరుపేటలో చిన్నపోలయ్య టీ అంగడి ముందు.

రొయ్యల గుంటలు చూసుకునే బెన్హర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పిలవక యాడికి పోతారబ్బయ్యా! నేను లేకుంటే వాళ్ళ ఆటలో తలుపు కూడా తెరుచుకోదు. నీకు తెలవదు గదా, విను. బల్ల చుట్టూ కూర్చుంటాం. అనూష కథ నడుపుద్ది. మేం తలా ఒక మనిషి అయిపోయి, ఏం చేస్తామో చెప్పి పాచిక వెయ్యాల. పడినదాన్ని బట్టి జరుగుద్ది. నా మనిషి బండోడు. బలం పద్దెనిమిది, తెలివి మూడు, కాగితం మీద అట్నే రాసుకున్నా. మొదటి రోజు ఒక కోట తలుపు. మావోళ్ళు తాళంచెవి వెతకతా ఉండారు. బండోడు భుజంతో ఒక్క తోపు తోసినాడు, ఊడొచ్చింది."

"తలుపే గదా," అన్నాడు చిన్నపోలయ్య.

"తలుపుతో బాటు గోడ వచ్చింది పోలయ్యా. గోడతో బాటు బురుజు, బురుజు మీద కాపలావాడు, వాడి చేతిలో సంగటి ముద్ద. ఆ ముద్ద చెదరకుండా బురుజును మెల్లగా కింద పెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెరువులో పాము. తల మైపాడులో ఉంటే తోక అల్లూరులో ఉంటది, అంత పొడుగు. మావోళ్ళు నలుగురూ దిగి పొడుస్తామంటారు. పట్టుబడి రోజు మనం గుంటలో దిగి ఒక్కో రొయ్యను పట్టుకుంటామా? తూము తీస్తే నీళ్ళతో బాటు సరుకే వచ్చి వలలో పడతది. బండోడు తూమును రెండు వేళ్ళతో పీకినాడు. ఇరవై మొహాల పాచిక, ఇరవయ్యే పడింది! నీళ్ళు ఊరి మీదికి పోతా ఉంటే అడ్డం పడుకొని, చెరువు మొత్తం తాగేసినాడు. తాగి తేన్చినాడు. ఆ తేన్పుకు సముద్రం అరమైలు వెనక్కి పోయింది."

"మరి పాము?"

"నీళ్ళతో బాటే కడుపులోకి పోయింది."

"మా మీదికి వచ్చిందన్నా," అంది షారన్. ఆమె కూడా ఆ ఆట ఆడేదే. ఆటకు టీ తీసుకుపోదామని ఫ్లాస్కుతో వచ్చి వెనకే నిలబడి ఉంది. "మా నలుగురినీ తూము దిగువన నిలబెట్టినావు. తూముకు వల కట్టినావా?"

బెన్హర్ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"వల కట్టకుండా తూము పీకినోడిని ఈ మండలంలో చూళ్ళేదు. పది నెలలు ఆడి పెంచుకున్న నా వైద్యురాలు ఒక్క పూటలో చచ్చిపోయింది. ఇంటికి పోయి ఏడ్చినా. అడిగితే, నేనేం చేసేది, బండోడికి తెలివి మూడే అన్నావు. బండోడికి మూడు నువ్వు రాసినావు, సరే. పదేళ్ళుగా పట్టుబడి చేసే నీకు ఎవరు రాసినారు?"

పెంచలకృష్ణకు పొలమారింది. బెన్హర్ గ్లాసు అడుగునున్న టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఆ ఆట లేని మూడు ఆదివారాలు అతనికి ఎంతకీ పొద్దుపోలేదు.

"తప్పు నాదేలేమ్మా. ఈ పూట రావచ్చునా?"

"రా. కొత్త మనిషిని రాసుకో. బలం మూడు, తెలివి పద్దెనిమిది."

బెన్హర్ ముఖం వాడిపోయింది.

"చెరువు తాగినోడివి, నీకిదొక లెక్కా అన్నా?" అన్నాడు చిన్నపోలయ్య, ఫ్లాస్కు మూత బిగిస్తూ.

"చెరువైతే ఇంకోటి చూపించు పోలయ్యా, తాగుతా. ఆలోచించమంటే మాత్రం నా వల్ల కాదు."