మూడు గ్లాసులు

పందొమ్మిదివందల అరవై నాలుగు, పులికాట్ ఒడ్డున ఒక పూరిల్లు. గురవమ్మ, నెల్లూరు కాలేజీ లాబరేటరీలో కొత్తగా కొలువు దొరికిన ఆమె కొడుకు సంజీవరావు. ఇంకాసేపట్లో పెద్దలు కూడి గురవమ్మ తమ్ముడు మాల్యాద్రి మీద తీర్పు చెప్పబోతున్నారు.

“ఆ గ్లాసు ముట్టుకోబాకమ్మా!”

“తాగే గ్లాసులో నెత్తురు పోస్తివి. పారబొయ్యి.”

“మూడు చుక్కలేగా, నాదేగా. పెద్దలకి చూపించాల.”

“చూపించి?”

“తేలుస్తా. ఈ ఏడు వేట వంతు కామాక్షయ్యకొచ్చిన మడుగులో చేపలెందుకు చచ్చినాయో. మామ కుంకుడు రసం పోసినాడని గదా ఆయన అంటా ఉండేది.”

“వాడు పొయ్యలా.”

“నీకెట్టా తెలుసు?”

“వాడు నా తమ్ముడు.”

“తమ్ముడైతే? తెల్లారేటప్పటికి చచ్చిన చేపల్ని ఏరేస్తా దొరికినాడు. ఎందుకని అడిగితే నోరు తెరవడు. ఇటు చూడు. ఇది సరస్సు నీళ్లు, నెత్తురు అడుగున కూచునింది. ఇది మడుగు నీళ్లు.”

“ఎర్ర సిరా మాదిరి ఉండాది.”

“నెత్తుట్లో కణాలు పగిలిపోయినాయి. కణం చుట్టూ పలచటి కొవ్వు పొర ఉంటదమ్మా. ఆ కొవ్వు సందుల్లో కొలెస్టరాల్ అని ఇంకో కొవ్వు ఇరుక్కోని పొరని బిగించి పెడతది, వలకి ముడులున్నట్టు. కుంకుడు రసం ఆ ముడుల్నే పట్టుకోని ఊడదీస్తది. చేప మొప్పల్లోనూ అదే పొర.”

“ఇంకేదన్నా పడుండొచ్చు గదా నీళ్లలో.”

“అందుకే మూడో గ్లాసు. ఇదీ మడుగు నీళ్లే, ముందు గుడ్డు పచ్చసొన కలిపినా. సొనలో కొలెస్టరాల్ మెండు. కుంకుడు దాన్నే అంటుకోని నెత్తుర్ని వదిలేసింది. చూడు, ఎట్టా అడుగున కూచునిందో. కుంకుడే!”

“చెప్పబాక.”

“ఏందమ్మా?”

“పెద్దలకి చెప్పబాకబ్బయా. ఏడాది పాటు వాణ్ణి సరస్సులో దిగనియ్యరు. నలుగురు బిడ్డలు వాడికి.”

“తప్పు చేసినోడు—”

“ఆ కుంకుళ్లు నువ్వు తెచ్చినయ్యే.”

“నేనా?”

“నెల్లూరు నించి నా తలకని తెచ్చినావే, అయ్యే. నీ మొదటి జీతంతో కొన్న నైలాను వల... నూలు వలైతే తంగేడు చెక్క కషాయంలో ఊరేసి దించుతాం. దీనికి ఏం పొయ్యాలో ఎవురిని అడిగేది? నూనె కంపు కొడతా ఉండె. కొత్త వలని ఊరికే దించితే అరిష్టమని తలంటు పోసినా.”

“మడుగులోనా?”

“మడుగులోనే. మూటంతా.”

“అమ్మా! ఇయ్యి పారబోస్తా. ఏమీ తేలలేదంటా.”

“తేలకపోతే కామాక్షయ్య మాటే నిలబడతది. ఆ శిక్ష వాడికే పడతది.”

“మరి ఇన్నాళ్లూ నోరెందుకు మెదపలేదు?”

“భయమేసిందిరా. రోజూ చెప్పాలనే లేస్తా, చెప్పలేక పడుకుంటా.”

“మామకి తెలుసా?”

“చూసినాడు. ఆ చేపల్ని నా కోసమే ఏరేస్తా దొరికినాడు. ‘అక్కా, నువ్వింటికి పో’ అన్నాడు, అంతే. ఆ గ్లాసులు ఇటియ్యి నాయనా, పెద్దల దగ్గరికి నేనే తీసకపోతా.”