నాలుగో కాలు

తిరుత్తణి వడ్రంగి కొట్టంలో తయారైన కుర్చీని చూసి, ఆవడి ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసే యువకుడు చేతిలోని విదేశీ పత్రికలో ఆ కుర్చీ బొమ్మ ఉన్న పేజీని మళ్ళీ తెరిచాడు.

"ఆచారీ, బొమ్మలో మూడు కాళ్ళే ఉండాయి. నువ్వు ఎడమపక్కన ఇంకోటి పెట్టినావు."

"పెట్టినాను నాయనా."

"ఫోటోలో వెనకాల దాక్కోనుందని అనుకుంటివా?"

"లేదు. ముందు మూడు కాళ్ళతోనే చేసి, నేనే కూర్చోని చూస్తిని. బాగానే నిలిచింది."

"మరి? ఈ కాలం డిజైన్ అంటే అదే గదా. అక్కరలేని పుల్ల ఒక్కటి కూడా ఉండకూడదు."

"నిజమే. కుర్చీవి మూడు కాళ్ళు, కూర్చున్న మనిషి నేలమీద ఆనించేవి రెండు. ఆ లెక్కతోనే చేసినాడు ఆ బొమ్మలో కుర్చీ చేసిన దొర. పనిమంతుడు."

"తెలిసీ ఎందుకు పెట్టినావు?"

"కుర్చీ ఎవురికని చెప్పినావు?"

"నాయనకి. వసారాలో కూర్చునేదానికి."

"పక్షవాతం వచ్చినాక ఆయన ఎడమకాలు నేలమీద ఆనుతుందా?"

యువకుడు పత్రిక మూశాడు. రోజూ పొద్దున ఆ కాలిని చేత్తో ఎత్తి మంచం మీదనుంచి దింపేది తనే.

"దాన్ని జిగురు పెట్టి అతికించలేదులే," అన్నాడు ఆచారి. "సుమ్మా, ఊరికే బిగించినాను. అక్కర తీరినాక లాగితే ఊడొస్తుంది. అప్పుడు నీ బొమ్మలో మాదిరే ఉంటుంది."

"నాయనకి అక్కర తీరేది ఎప్పుడు?"

ఆచారి కుర్చీ మీది రంపప్పొట్టు తుడిచాడు.

యువకుడు ఆ నాలుగో కాలిని పట్టుకుని ఇంకాస్త లోపలికి నొక్కాడు.

"జిగురు పెట్టేయ్ ఆచారీ."